ఆవలి ముంగిట గాజు గీతలు

రాత్రి 240, ఆఖరి రోజు

మూత తీసే రోజని ఊరంతా తలంట్లు పోసుకుని వచ్చారు. ఇక్కడ తలంటు అంటే మనిషికి మూడు గ్లాసుల నీళ్ళు. అయినా పోసుకున్నారు. ఊరందరికీ పెద్ద పిన్నిగారు సోయా పాలతో పాయసం వండించారు. నేను నా ఒక్కగానొక్క పట్టుచీర బయటికి తీశాను. ఎందుకు తియ్యకూడదు? మా ఊరు ఆవలికి పేరు తెచ్చిన అంకె నాది.

గర్వం అనుకుంటే అనుకోండి. మా ఊళ్ళో అది జబ్బు కాదు. చంద్రుడి వెనక వైపు, భూమి ముఖం ఏనాడూ కనపడని గుంటలో ఉంటాం. మమ్మల్ని చూసి మెచ్చుకునే వాడెవడూ ఆకాశంలో లేడు కాబట్టి ఆ పని మేమే చేసుకుంటాం.

మూత అంటే మా పద్ధతి. దూరదర్శిని పోగుచేసినదాన్ని వెంటనే చూడం. లెక్క ఎలా వెయ్యాలో ముందే తేల్చుకుంటాం, అందరం ఒప్పుకుంటాం, ఆ తరవాతే మూత తీసి జవాబు చూస్తాం. జవాబు ముందే కనిపిస్తే మనిషి తనకి నచ్చిన వైపు జరుగుతాడు, ఎంత నిజాయితీపరుడైనా సరే. దూరదర్శిని కన్ను తెరిచి పదకొండేళ్ళయింది. ఐదేళ్ళు నిండినప్పుడు ఒకసారి మూత తీశాం, ఇవాళ రెండోసారి.

మొదటిసారి ఏం జరిగిందో మా బళ్ళో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. విశ్వం పుట్టిన తొలి క్షణంలో ఆవగింజ కన్నా ఎన్నో రెట్లు చిన్నది ఒక్కసారిగా ఊహకందనంతగా ఉబ్బింది. దాన్ని మేం పొంగు అంటాం. ఆ పొంగు లేపిన అలల గుర్తులు తొలివెలుగులో, అంటే అప్పట్నుంచీ పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళు ప్రయాణించి చల్లారి మా దాకా వచ్చిన వెలుగులో, సుడుల్లా మిగిలి ఉండాలి. ఐదేళ్ళప్పుడు మాకు సుడులు కనిపించాయి. చిక్కల్లా అవి మరీ బలంగా ఉండటం. అదే తొలివెలుగులోని వేడి మచ్చల్ని చూస్తే, పొంగు అంత ఉద్ధృతంగా ఉండటానికి వీల్లేదు. ఆ రెంటికీ పొత్తు కుదిర్చినదాన్ని నేనే. పొంగు ఒకటి కాదు, రెండు అన్నాను. దించిన పాలు మళ్ళీ పొయ్యి మీద పెడితే మళ్ళీ పొంగవూ? లెక్క చక్కగా కుదిరింది. రెండు పొంగుల నమూనా అని దానికి పేరు, దాని పక్కన నా పేరు, నా పేరు పక్కన ఆవలి పేరు.

ఇవాళ రావలసింది సుడుల బలం చెప్పే అదే అంకె, ఇంకొంచెం నికరంగా. పిన్నిగారు మూత తీశారు. అంకె దాదాపు రెట్టింపు వచ్చింది.

ఎవరో చప్పట్లు కొట్టారు, పెద్ద అంకె అంటే మంచిదే అనుకుని. నేను నవ్వి పాయసం తిన్నాను. అందులో తీపి ఉందో లేదో గుర్తులేదు.

పగలు 241, రెండో వారం

మా పగలు భూమ్మీద సగం నెల. ఎండలో పరిశీలన ఉండదు కాబట్టి పగలంతా ఇంటి పనులు. నా వంతు గాలి జల్లెడలు కడగడం. జల్లెడ తోముతూ మూడో పొంగు గురించి ఆలోచించాను.

అవును, మూడోది. అంకె రెట్టింపైతే రెండు పొంగులు చాలవు. వేడి మచ్చల లెక్క చెడకుండా సుడుల బలం పెంచాలంటే మధ్యలో ఇంకో పొంగు దూర్చాలి. దూర్చాను. కుదిరింది. ఏది దూర్చినా కుదురుతుంది, అదే నాకు మొదటిసారి భయం వేసింది.

దూరదర్శిని పనిముట్లన్నీ చూసుకునేది యాకూబ్. కర్నూలు వైపు నుంచి వచ్చిన వాళ్ళ పిల్లాడు, నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న, నోరు మాత్రం నాకన్నా పెద్దది. మూడో పొంగు సంగతి చెబితే జల్లెడ నా చేతిలోంచి తీసుకుని తను తోమడం మొదలుపెట్టాడు.

"ఇంగో ఐదేండ్లు ఆగి మూత తీస్తే నాలుగోది పెడతావా అక్కా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మండటానికి కారణం, నేనూ అదే అనుకుంటున్నాను.

కక్ష్యలో తిరిగే ఇంకో దూరదర్శిని వాళ్ళ నుంచి కబురు వచ్చింది. వాళ్ళ పెద్ద ఇనెస్ చాలా మర్యాదస్తురాలు. తమకి ఏ సుడులూ కనపడటం లేదని, మా కొత్త అంకె ఏమిటో వినాలని ఉందని, మూడు పగళ్ళ తరవాత జరిగే సభలో మొదటి గంట నాకే ఇచ్చామని రాసింది. వాళ్ళ దూరదర్శిని చిన్నదని, మాది పట్టినది వాళ్ళకి దొరకదని ఆరేళ్ళుగా చెబుతూ వచ్చాను. ఈసారి జవాబు రాయకుండా ఊరుకున్నాను.

ఆ సభలో నేను తప్పని తేలితే పోయేది నా నమూనా ఒక్కటే అయితే బాధపడనని చెప్పను, పడతాను, కాని బతుకుతాను. పోయేది ఆవలి మాట. చంద్రుడి వెనకాల కూర్చుని ఏదో చూశామనుకున్న పిచ్చివాళ్ళుగా మిగిలిపోతాం.

రాత్రి 241, మొదటి వారం

ఇదివరకు చెయ్యని పని చేశాను. పదకొండేళ్ళ పోగునీ ఏ ఏటికా ఏడు విడగొట్టాను. మూత పద్ధతి వల్ల ఇన్నాళ్ళూ అలా చూడలేదు, మొత్తమంతా కలిపే చూశాం. ముక్కలు చేసి చూస్తే జవాబు ముందే తెలిసిపోతుందని మా నియమం. మా నిజాయితీయే మా కళ్ళకి గంతలు కట్టిందన్న మాట.

మొదటి ఏడు సుడులు దాదాపు లేవు. రెండో ఏడు కొంచెం. మూడో ఏడు పెరగలేదు, నాలుగో ఏడు మళ్ళీ పెరిగాయి. అలా మెట్లు మెట్లుగా ఎక్కుతూ వచ్చాయి, పోయిన ఏడు అన్నిటికన్నా ఎక్కువ.

పదమూడు వందల ఎనభై కోట్ల ఏళ్ళ నాటి వెలుగు పదకొండేళ్ళలో మారదు. మారితే మారుతున్నది మేం.

మేం అంటే ఎవరు? పనిముట్లు. పనిముట్లంటే యాకూబ్. వెలుగుని పట్టే గ్రాహకాలు అరిగిపోయాయని, చల్లదనం నిలవడం లేదని, చూసుకోవలసిన వాడు చూసుకోలేదని నలుగురిలో అన్నాను. అతను గొంతు పెంచలేదు. పనిముట్టు చూపు మారిందో లేదో తెలియడానికి ప్రతి రాత్రీ దూరదర్శిని ముందు పెట్టి కొలిచే నల్లపలక కొలతలు తెచ్చి నా ముందు పెట్టాడు. పదకొండేళ్ళూ ఒకే గీత మీద ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు. అంత శుభ్రమైన పని నేను ఎక్కడా చూడలేదు. ఆ మాట అప్పుడే అనాల్సింది. అనలేదు. గర్విష్ఠులకి నోరు అక్కడే పడిపోతుంది.

పగలు 242, మొదటి వారం

బళ్ళో వడ్డన వంతు నాది. పెద్దవాళ్ళందరికీ ఈ వంతు వస్తుంది, ఎంత పెద్ద నమూనా కట్టినా తప్పదు. పిల్లలు తరగతుల వారీగా వరసలో నిలబడతారు. ముందు ఒకటో తరగతి, అందులో నా కూతురు రేవ. తరవాత రెండు. తరవాత నాలుగు.

మూడో తరగతి లేదు. లేకపోవడం నాకు కొత్త కాదు, ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఎనిమిదేళ్ళ కింద గాలి యంత్రం చెడితే, అది బాగయ్యేదాకా ఇంకో ఊపిరిని మొయ్యలేమని, ఆ ఏడాది ఎవరూ పిల్లల్ని కనకూడదని అనుకున్నాం. కనలేదు. అందుకే మూడో తరగతి గదిలో ఉల్లిపాయలు పెంచుతున్నారు.

నాలుగో తరగతి పిల్ల పళ్ళెం చాచి నిలబడింది. గరిటె నా చేతిలో ఆగిపోయింది. దూరదర్శినికి ఆ ఏడే మూడో ఏడు, ఆ పెరగని మెట్టు కళ్ళ ముందు కనపడింది.

అక్కడే నిలబడి వరసంతా లెక్కపెట్టాను. ఏ తరగతిలో ఎంతమందో, ఆ ఏటి మెట్టు ఎత్తు అంత. ఐదుగురున్న చోట ఐదంతలు, ఇద్దరున్న చోట రెండంతలు. బడికింకా రాని పసివాళ్ళని కూడా వేళ్ళ మీద కలిపాను. పప్పు గిన్నె పక్కవాళ్ళకి అప్పగించి, నడుముకి కట్టుకున్న గుడ్డతోనే యాకూబ్ దగ్గరికి పరిగెత్తాను.

అతను నాతో మాట్లాడి చాలా రోజులైంది. అయినా నా అవతారం చూసి కుర్చీ జరిపాడు. అంతా చెప్పాను. మా గుమ్మంలో గీతలు, యాకూబూ, గుమ్మంలో గీతలు అన్నాను.

ఆ గీతల సంగతి రాయాలి. ఊళ్ళో మొదటి బిడ్డ పుట్టినప్పుడు పిన్నిగారు బయటి తలుపు ముందు ముగ్గు వేశారు. ఇక్కడ నేలంతా మెత్తటి ధూళి. మనిషంత భూతద్దంతో ఎండని ఒక చోటికి చేరిస్తే ఆ ధూళి కరిగి గాజవుతుంది. అలా గాజుతో గీసిన ముగ్గు అది. దాని అంచుగా, ఏ ఇంట్లో బిడ్డ పుడితే ఆ ఇంటి వాళ్ళు ఒక గీత కలుపుతారు. తలుపు దగ్గర్నుంచి దూరదర్శిని చుట్టూ కట్టిన దడి దాకా, పక్కపక్కనే, తాడు పట్టినట్టు సూటిగా. బిడ్డ ఏడుపు వినగానే, రాత్రయితే ఎండ రాగానే, తండ్రో తల్లో భూతద్దం పట్టుకుని బయల్దేరడం మా ఆచారం. ఆవలి బొమ్మ ఎక్కడ అచ్చయినా ఆ గీతల బొమ్మే వేస్తారు. నేలకీ వేడి ఉంటుంది, ఆ వేడి నుంచీ సన్నటి వెలుగు వస్తుంది. ఒట్టి ధూళి వెలుగు అన్ని దిక్కులకీ ఒకేలా ఊగుతుంది. సూటి గీతల మీంచి వచ్చే వెలుగు ఒకే దిక్కుకి ఊగుతుంది, సుడుల్ని మేం పట్టేది ఆ ఊపు చూసే. అది దడి అంచు మీంచి తొంగి దూరదర్శినిలోకి పోతోంది. మేం ఆకాశంలో చూసిన సుడులు మా గుమ్మంలోవి.

"అన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప," అన్నాను. "రేవ పుట్టిన ఏడు. ఒకటో తరగతిలో ఆరుగురే ఉన్నారు. మెట్టు ఏడు అంటోంది. అక్కడే ఎక్కడో తప్పు చేశాను."

యాకూబ్ తెర మీద ఆ ఏటి మెట్టుని వేలితో ముట్టుకున్నాడు.

"తప్పు లేదక్కా. ఏడే. మా మస్తాన్‌తో ఏడు."

తొమ్మిది రోజులు బతికాడు ఆ పిల్లాడు. రేవ కన్నా వారం చిన్న.

"వాడు ఏడ్చిన దినమే గీత గీస్తి," అన్నాడు యాకూబ్. "బడి లెక్కలో లేనోడు ఆకాశం లెక్కలోకి వచ్చినాడు చూడు."

అప్పుడు చెప్పాను, అతని నల్లపలక కొలతలంత శుభ్రమైన పని నేనెక్కడా చూడలేదని. ఆలస్యంగా చెప్పానని కూడా చెప్పాను. తల ఊపాడు.

రాత్రి 242, మొదటి వారం

అనుమానం ఎంత బలంగా ఉన్నా చేసి చూడాలి. గీతల మీద ధూళి కప్పి, సుడులు తగ్గుతాయో లేదో చూద్దామనుకున్నాం. ఎండ పోకముందే దారులు చదును చేసే దువ్వెన బండిని తోలి, గీతల మీద బెత్తెడు మందాన ధూళి పరిచాం. బండి బరువు ఆ ధూళే మోసింది, గాజు చెక్కు చెదరలేదు, కనపడటం మానేసింది అంతే. గౌసియాకి, అంటే యాకూబ్ భార్యకి, ముందే చెప్పి తీసుకొచ్చాం. బండి తిరుగుతున్నంతసేపూ ఆమె కిటికీ దగ్గరే నిలబడింది.

రాత్రి కొలిస్తే సుడులు తగ్గలేదు. పెరిగాయి.

నేను తల పట్టుకున్నాను. యాకూబ్ నవ్వడం మొదలుపెట్టాడు. నెల రోజుల తరవాత అతని నవ్వు వినడం అదే. బయటి కెమెరా వైపు చూపించాడు. దువ్వెన బండి పళ్ళు మా ముంగిలంతా సూటిగా, పక్కపక్కనే, వందల చాళ్ళు తీసి పెట్టాయి. నలభై మూడు గీతలు దాచబోయి ఐదు వందలు గీశాం.

ఇంతకన్నా రుజువు ఏం కావాలి? తప్పు మాదే, సందేహం లేదు. మూడో పొంగుని అప్పుడే తుడిచేశాను. రెండోదాన్ని తుడవడానికి చెయ్యి ఇంకో రోజు ఆగింది.

పగలు 243, మొదటి వారం

ఊరు కూర్చుంది. నేను నిలబడి చెప్పాను. గీతలు ఉన్నంతకాలం ఆకాశం మాకు కనపడదని, ఏ పనిముట్టుతో ధూళి కప్పినా మళ్ళీ చాళ్ళే పడతాయని, చాళ్ళు లేని నేల కావాలంటే అడ్డదిడ్డంగా పగలగొట్టి చెదరగొట్టాలని, గాజు గీత అప్పడం మందమేనని, అడుగు వేస్తే విరుగుతుందని చెప్పాను. లెక్కలోనే తీసివేస్తే చాలదా అని ఒకరు అడిగారు. తీసివెయ్యగలను. కాని అప్పుడు ప్రపంచం నా తీసివేతని నమ్మాలి. ముంగిలి ఖాళీగా ఉంటే ఎవరూ ఎవర్నీ నమ్మక్కర్లేదు. నా నమూనా కూడా ఆ గీతలతోనే పోతుందని అందరి ముందూ చెప్పాను. నా సొమ్మేదో దాచుకుని పక్కవాళ్ళ గీతలు చెరపమంటున్నానని ఎవరూ అనుకోకూడదు.

గొణుగుడు మొదలైంది. తమ చేత్తో గీసిన గీత చెరపమంటే ఎవరికి బాగుంటుంది? నా మట్టుకు నాకు రేవ గీత ఎక్కడుందో చీకట్లో అయినా చూపించగలను. వంకర లేకుండా గీశానని ఆరేళ్ళుగా గొప్ప చెప్పుకుంటున్నాను.

పిన్నిగారు లేచారు. పేరు మంగతాయారు, పుట్టింది గోదావరి ఒడ్డున, ఆ పేరుతో పిలిచే వాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

"మా అమ్మ రోజూ పొద్దున్నే ముగ్గేసేదర్రా," అన్నారు. "మజ్జాన్నానికల్లా పాలబ్బాయీ, పిల్లలూ, గేదెలూ అంతా తొక్కేసేవారు. ఎవరైనా ఏడిచేరా? మర్నాడు మళ్ళీ వేసేది. ఇక్కడ గాలి లేదు, వాన లేదు, గేదె లేదు. గీసింది గీసినట్టే ఉండిపోతే అదేదో మన గొప్ప అనుకున్నాం. ముగ్గు వెయ్యడం తెచ్చుకున్నాం గానీ, తొక్కడం తెచ్చుకోలేదు మనం. ఆ తప్పు నాది కూడాను, మొదటి ముగ్గు నేనే కదా వేశాను."

తరవాత యాకూబ్ వైపు తిరిగారు. మిగతా వాళ్ళ పిల్లలు వాళ్ళ కళ్ళ ముందు తిరుగుతున్నారని, అతనికి ఉన్నది ఆ గీత ఒక్కటేనని, అతను వద్దంటే ఈ మాట ఇక్కడితో ఆఖరని అన్నారు. ఎవరూ కాదనలేదు. నేను కూడా కాదనలేదు, నిజంగా. సభలో ఆవలి మాట పోయినా సరే అనుకున్నాను. అలా అనుకోగలిగినందుకు మా ఊరంటే నాకు ఇంకా గర్వం వేసింది.

యాకూబ్ గౌసియా ముఖం చూశాడు. ఒక రోజు గడువు అడిగాడు.

మర్నాడు ఇద్దరూ కలిసి వచ్చారు. "మా వాని గీత మేమే తొక్కుతాం," అన్నాడు. "ఇంగెవరూ దాని మీద కాలు పెట్టొద్దు."

పగలు 243, రెండో వారం

ఇది ఇవాళే రాయాలి, రేపటికి చల్లారిపోతుంది.

ముందు దువ్వెన బండి పోసిన ధూళిని పారలతో పక్కకి లాగాం. గీతలు మళ్ళీ ఎండలో మెరిశాయి. అప్పుడు పిల్లలు బయటికి వచ్చారు. బుడ్డి బుడ్డి బయటి తొడుగులు, వీపున గాలి డబ్బాలు. నడవలేని పసివాళ్ళని తల్లిదండ్రులు ఎత్తుకున్నారు. వీళ్ళకి పుట్టిన దగ్గర్నుంచీ మేం నేర్పింది ఒకటే, బయటికి వస్తే వరసలో నడవాలి, తాడు వదలకూడదు, పరిగెత్తకూడదు. ఇవాళ పిన్నిగారు రేడియోలో వరస తప్పమని చెబితే పిల్లలకి అర్థం కాలేదు. ఎలా తొక్కాలని రేవ అడిగింది. ఎలాగైనా సరే, వరసగా మాత్రం వద్దన్నాను.

ఆ తరవాత వాళ్ళకి ఏమీ చెప్పక్కర్లేకపోయింది. గెంతారు. ఇక్కడ ఒక్క గెంతుకి మనిషెత్తు లేస్తారు కదా, పడ్డచోటల్లా గాజు విరిగింది. చప్పుడు వినపడదు, కాలికి తెలుస్తుంది. ఒకళ్ళ గీత ఒకళ్ళు తొక్కుకుంటూ, వెనక్కి నడుస్తూ, చుట్టూ తిరుగుతూ, దొర్లుతూ, వద్దన్న పనులన్నీ చేశారు. రేవ తన గీత మీద ఒంటికాలి మీద గెంతుకుంటూ పోయింది. అంత సూటిగా గీసిన నా గీత ముక్కలైపోతుంటే చూసి నవ్వాను. పిన్నిగారు మధ్యలోని పాత ముగ్గు మీద నడిచారు, మెల్లిగా, చీర కుచ్చెళ్ళు పట్టుకునే అలవాటుతో తొడుగుని పట్టుకుని.

ఒక గీత మాత్రం మిగిలింది. దాని చుట్టూ అందరూ చోటు వదిలారు. యాకూబ్, గౌసియా తలుపు దగ్గర మొదలుపెట్టి చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాని మీద నడిచారు. సగం దూరం వెళ్ళాక యాకూబ్ ఆగిపోయాడు. రేడియోలో అతని ఊపిరి అందరికీ వినిపిస్తోంది. గౌసియా అతనికేదో చెప్పింది, ఏమిటో తెలియదు. అతను మా వైపు తిరిగాడు.

"ఒకటో తరగతి అంతా ఇట్ల రాండి," అన్నాడు. "మీ తరగతోడే వీడు."

ఆరుగురూ వెళ్ళారు. వాళ్ళకి ఎంత అర్థమైందో నాకు తెలియదు. ముందు కొంచెం బెరుగ్గా, తరవాత మామూలుగా, మిగతా సగం వాళ్ళే గెంతారు. యాకూబ్ కూడా వాళ్ళ మధ్య గెంతాడు. నేను ఏడ్చాను. శిరస్త్రాణంలో కన్నీళ్ళు తుడుచుకోవడానికి వీలుండదు, అలాగే వదిలేశాను.

రాత్రి 244, ఆఖరి రోజు

నాలుగు రాత్రుల పని మిగిలి ఉండగానే సభ వచ్చిపడింది. సరే, ఉన్నంతే చెప్పాలి. ముంగిలి తొక్కాక రెండు రాత్రులు కొలిచాం. మూత ఉంచే కొలిచాం, లెక్క అంతా ముందే ఒప్పుకుని, నిన్న తీశాం. ఈసారి పట్టుచీరలు లేవు, పాయసం మాత్రం ఉంది.

సుడులు పోయాయి. ఇరవయ్యో వంతు మిగిలి ఉంటే ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. రెండు రాత్రుల లెక్క అంతకన్నా చెప్పదు. ఆ కొంచెం నిజంగా ఉంటే, అది వేడి మచ్చలతో తగువు పడదు. ఒకే ఒక్క పొంగు, మెల్లగా వాలి ఆగిన పొంగు, రెంటినీ మోస్తుంది. నేను పుట్టకముందే ఎవరో కట్టిన మామూలు నమూనా అది. దాన్ని ముసలి నమూనా అని ఆరేళ్ళు వెక్కిరించాను. పొద్దున బడికి వెళ్ళి రెండో తరగతి గోడ మీద రెండు పొంగుల బొమ్మని నేనే చెరిపాను. పిల్లలు సాయం చేశారు. చెరపడంలో ఇప్పుడు వాళ్ళు ఆరితేరారు.

కొత్త ఆచారం ఒకటి వచ్చింది. తెల్లవారగానే తలుపు ముందు వేలితో ధూళిలో ముగ్గు వేస్తాం. పొద్దుగుంకే ముందు, దూరదర్శిని కన్ను తెరవకముందు, పిల్లలందరినీ దాని మీదికి వదులుతాం.

తెర మీద నడిచే సభలో మొదటి గంట నాది. ఉన్నదున్నట్టు చెప్పాను. మా తప్పుని మేమే పట్టుకున్నామని, ఎవరూ వేలెత్తి చూపించకముందే పట్టుకున్నామని గట్టిగానే చెప్పాను. అణకువ నాకు చేతకాదు. గీతలు తొక్కకముందూ, తొక్కాకా, రెండు బొమ్మలూ చూపించాను. ఆఖర్న ఏటేటా ఎక్కిన మెట్ల బొమ్మ పెట్టాను. యాకూబ్ నా పక్కనే కూర్చున్నాడు.

ఇనెస్ గొంతు వచ్చింది. అందులో వెక్కిరింత లేదు. తెలుసుకోవాలనే అడిగింది. ఆ మెట్లు ఇంత స్పష్టంగా ఉన్నాయి కదా, పదకొండేళ్ళు మీరు కొలిచింది మరి దేన్ని అంది.

యాకూబ్ వైపు చూశాను. చెప్పమన్నట్టు తల ఊపాడు.

"మా పిల్లల్ని," అన్నాను. "నలభై మూడు మంది. ఒక్కరూ తగ్గలేదు."